జడ్జి పేరు చెప్పి తీసుకునే డబ్బు

బెంగళూరు కెంపేగౌడ రోడ్డులోని సిటీ సివిల్ కోర్టు ప్రాంగణంలో ఉదయం పది దాటిందంటే తెలుగు మాట వినబడని వరండా ఉండదు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి వచ్చి మారతహళ్లి, వర్తూరు, కృష్ణరాజపురం వైపు స్థలాలు కొనుక్కొని, ఆ స్థలానికి ఇంకో హక్కుదారు ఉన్నాడని ఆలస్యంగా తెలుసుకున్నవారు వీరిలో చాలామంది. వీరికి కన్నడం మాట్లాడటం వచ్చినా చదవడం రాదు. పోలీసు స్టేషన్ కాగితాలు, రెవెన్యూ రికార్డులు కన్నడంలో ఉంటాయి, వాదనలూ ఉత్తర్వులూ చాలావరకు ఇంగ్లీషులో నడుస్తాయి. తమ కేసులో ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే ఎవరో ఒకరు చెప్పాల్సిందే. సరిగ్గా ఆ చోటే మధ్యవర్తి నిలబడి ఉంటాడు.

అతను తెలుగులోనే పలకరిస్తాడు, ఊరు అడుగుతాడు, వాయిదాలు ఎందుకు పడుతున్నాయో కాస్త అర్థమయ్యేలా చెబుతాడు. రెండో మూడో కలయికలో అసలు మాట వస్తుంది: "లోపల మనవాళ్లున్నారు, అయ్యగారికి చెప్పించొచ్చు, కాకపోతే పై ఖర్చులుంటాయి." డబ్బు చేతులు మారుతుంది. కొన్నాళ్లకు ఇంజంక్షన్ ఆర్డరు వస్తే అది తన పలుకుబడి వల్లే వచ్చిందంటాడు. రాకపోతే అవతలివాళ్లు అంతకంటే ఎక్కువ పెట్టారని చెప్పి, తీసుకున్నదాంట్లో సగం తిరిగి ఇచ్చి మంచివాడనిపించుకుంటాడు. ఇలాంటివాడు రెండు పక్షాల దగ్గరా డబ్బు పుచ్చుకొని, ఓడినవారికి కొంత వాపసు ఇచ్చినా లోపలికి ఒక్క రూపాయి కూడా వెళ్లాల్సిన అవసరం లేదు. తీర్పు రాసిన న్యాయాధికారికి ఆ బేరం జరిగిందన్న సంగతే తెలియకపోవచ్చు. కానీ గెలిచినవాడూ ఓడినవాడూ ఇద్దరూ న్యాయం అమ్ముడుపోయిందన్న నమ్మకంతోనే ఇంటికి వెళ్తారు.

న్యాయవ్యవస్థలో లంచం గురించి మాట్లాడేటప్పుడు ముందుగా గుర్తించవలసింది ఈ చిక్కునే. తహసీల్దారు ఆఫీసులోనో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోనో లంచం ఇచ్చినవాడికి, దేనికి ఇచ్చాడో, ఎవరికి ఇచ్చాడో, పని అయిందో లేదో తెలుస్తుంది. కోర్టు విషయంలో ఈ మూడింటిలో ఏదీ ఖాయంగా తెలియదు. అందుకే కోర్టుల్లో అవినీతి ఎంత అని అడిగితే, అంతా అదేనని ఒకరు, అంతా అపోహేనని ఒకరు అంటారు. ఇద్దరి దగ్గరా రుజువు ఉండదు. బయటివాడు చేతిలోకి తీసుకొని చూడగలిగింది ఒక్కటే, కాగితం మీద రాసిన కారణం. ఆ కారణం ఎక్కడ ఉంటోంది, ఎక్కడ ఉండటం లేదు అన్న లెక్కతోనే న్యాయవ్యవస్థ జవాబుదారీని కొలవవలసి ఉంటుంది.

చట్టం మధ్యవర్తిని వదిలిపెట్టలేదు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణలో 7ఎ అనే సెక్షన్ చేరింది. అక్రమ మార్గంలో గానీ సొంత పలుకుబడితో గానీ ప్రభుత్వ సేవకుణ్ణి ప్రభావితం చేస్తానని డబ్బు తీసుకుంటే, ఆ డబ్బు సదరు సేవకుడికి చేరినా చేరకపోయినా నేరమే. దానికి మూడు నుంచి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. న్యాయమూర్తులు, కోర్టు సిబ్బంది కూడా ఈ చట్టం దృష్టిలో ప్రభుత్వ సేవకులే. అదే సవరణ లంచం ఇచ్చినవాణ్ణి కూడా నేరస్థుణ్ణి చేసింది. బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పుకుంటే మాత్రం వారికి రక్షణ ఉంటుంది. కోర్టులో ఇచ్చిన లంచానికి ఈ ఏడు రోజుల గడువు దాదాపుగా పనికిరాదు, ఎందుకంటే మోసపోయానన్న సంగతి కక్షిదారుకు తెలిసేది తర్వాతి వాయిదాకో ఆ తర్వాతి వాయిదాకో. అప్పటికి అతను ఫిర్యాదుదారుగా కాక ముద్దాయిగా మిగులుతాడు. ఈ ఒక్క విషయంలో చట్టం ఉద్దేశం మంచిదే అయినా, ఆచరణలో అది నోరు విప్పవలసినవాడి నోరే మూయిస్తోంది.

ఇలాంటి కేసుల్లో మన దర్యాప్తు సంస్థలకు బాగా చేతనైన పద్ధతి వలపన్ని పట్టుకోవడం. ఫిర్యాదుదారు తెచ్చిన నోట్ల నంబర్లు ముందుగా రాసుకుంటారు. వాటికి ఫినాఫ్తలీన్ అనే తెల్లటి పొడి పట్టిస్తారు. ఇద్దరు పంచుల (సాక్షుల) ఎదుట ఆ నోట్లు ఫిర్యాదుదారు జేబులో పెడతారు. లంచం తీసుకున్న అధికారి చేతివేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచగానే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లను సీసాలో పోసి సీలు వేసి ప్రయోగశాలకు పంపుతారు. గ్రామ లెక్కాధికారి నుంచి ఇంజనీరు దాకా వేలాదిమంది పట్టుబడింది ఈ గులాబీ నీళ్లలోనే. అయితే ఈ పద్ధతికి ఒక చేయి కావాలి, ఆ చేయి చాచి అడిగిన మాట కావాలి. న్యాయాధికారి పేరుమీద నడిచే బేరంలో చేయి ఇంకెవరిదో, మాట ఇంకెవరిదో. ఫిర్యాదుదారు చనిపోయినా, మాట మార్చినా పరిస్థితుల సాక్ష్యం ఆధారంగా లంచం అడిగిన సంగతిని రుజువు చేయవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022 డిసెంబరు 15న నీరజ్ దత్తా కేసులో చెప్పింది. దర్యాప్తుకు ఇది పెద్ద ఊరటే. కానీ ఆ పరిస్థితుల సాక్ష్యం ఎక్కడినుంచి రావాలన్న ప్రశ్న అలాగే ఉంది.

అది ఎక్కువగా వాయిదాల నుంచి రావాలి. దేశంలో 5 కోట్లకు పైగా కేసులు పెండింగులో ఉన్నప్పుడు, తీర్పు ఎటు వస్తుందన్నదానికంటే ఎప్పుడు వస్తుందన్నదే ఎక్కువ విలువైన సరుకు అవుతుంది. స్థలాన్ని ఆక్రమించినవాడికి తీర్పుతో పనిలేదు, పదేళ్లు నడిస్తే చాలు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 17వ ఆర్డరు ఒక పక్షానికి మూడుసార్లకు మించి వాయిదా ఇవ్వకూడదనీ, ఇచ్చేటప్పుడు కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలనీ చెబుతోంది. మూడుసార్ల పరిమితిని తప్పనిసరి పరిస్థితుల్లో సడలించవచ్చని తర్వాత సుప్రీంకోర్టు వివరణ ఇచ్చింది. కారణం రాయాలన్న నియమం మాత్రం అలాగే ఉంది. ఇక రోజువారీ ఉత్తర్వుల్లో తరచుగా కనిపించే వాక్యం ఏమిటంటే: సమయం కోరారు, ఇచ్చాము, ఫలానా తేదీకి వాయిదా. ఎవరు కోరారు, ఎందుకు కోరారు, అవతలివారు అభ్యంతరం చెప్పారా అన్నది అందులో ఉండదు. రాయని కారణం ఉన్న ప్రతిచోటా మధ్యవర్తి తన కారణాన్ని పూరించుకుంటాడు.

కారణం రాసి ఉంటే ఏం జరుగుతుందో ఇదే బెంగళూరు నగరం చూసింది. తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి జయలలితపై ఆదాయానికి మించిన ఆస్తుల కేసును నిష్పాక్షిక విచారణ కోసం సుప్రీంకోర్టు 2003లో చెన్నై నుంచి ఇక్కడికి మార్చింది. 2014 సెప్టెంబరు 27న పరప్పన అగ్రహారలో కూర్చున్న ప్రత్యేక కోర్టు ఆమెకు నాలుగేళ్ల జైలు, 100 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2015 మే 11న కర్ణాటక హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. ఆ తీర్పు 900 పేజీలు దాటుతుంది. అందులో ఒకచోట నిందితులు తీసుకున్న అప్పుల జాబితా ఉంది. జాబితా కింద వేసిన మొత్తం 24,17,31,274 రూపాయలు. అదే జాబితాను పలక పట్టుకొని కూడితే వచ్చేది 10,67,31,274. అంటే తేడా పదమూడున్నర కోట్లు. అప్పు ఎక్కువగా చూపిస్తే చట్టబద్ధమైన ఆదాయం పెరుగుతుంది, లెక్క చెప్పలేని ఆస్తి తగ్గుతుంది. ఆ లెక్క ప్రకారం మించిన ఆస్తి 8.12 శాతమే అని తేలింది. పది శాతం లోపు అయితే వదిలేయవచ్చన్న పాత తీర్పును, 20 శాతం వరకు అనుమతించవచ్చన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సర్క్యులర్‌ను కూడా హైకోర్టు ప్రస్తావించింది. (తెలుగు ప్రభుత్వం జారీ చేసిన సర్క్యులర్ ఒకటి తమిళ నాయకురాలి కేసులో కన్నడ దేశపు హైకోర్టు తీర్పులో చోటు చేసుకోవడం ఈ నగరం స్వభావానికి తగినట్టే ఉంది.)

ఆ తీర్పు వెనుక లంచం ఉందని ఎవరూ రుజువు చేయలేదు, ఇక్కడ చెప్పదలచుకున్నదీ అది కాదు. చెప్పదలచుకున్నది ఇది: తీర్పు వెలువడిన వెంటనే ప్రత్యేక ప్రాసిక్యూటర్ బి.వి. ఆచార్య ఆ కూడికను పట్టుకున్నారు, మరునాటికి ఐదో తరగతి పిల్లవాడు కూడా సరిచూసుకోగలిగేలా ఆ అంకెలు పత్రికల్లో వచ్చాయి. అప్పీలుకు వెళ్లినప్పుడు 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు కింది కోర్టు తీర్పునే పునరుద్ధరించింది. పొరపాటు ఉద్దేశపూర్వకమా కాదా అన్న వాదనతో ఎవరికీ పని పడలేదు. కారణం అంకెల్లో ఉంది, అంకెలు అందరి చేతిలో ఉన్నాయి, దిద్దుబాటు సాధ్యమైంది. ఒక న్యాయమూర్తి మనసులోకి తొంగిచూడకుండానే జవాబుదారీ ఎలా పనిచేస్తుందో తెలియజెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అదే వ్యవస్థలో, న్యాయమూర్తి ప్రవర్తన మీద ఫిర్యాదు వచ్చినప్పుడు మాత్రం ఈ వెలుతురు ఉండదు. కింది కోర్టుల విషయంలో కొంత నయం. రాజ్యాంగంలోని 235వ అధికరణం కింది కోర్టుల న్యాయాధికారులపై అదుపును హైకోర్టుకు అప్పగించింది, సస్పెండ్ చేయడం, విచారణ జరిపించడం హైకోర్టు చేతిలో ఉంటాయి. బళ్లారి గనుల యజమాని గాలి జనార్దన రెడ్డికి ఓబుళాపురం అక్రమ గనుల కేసులో హైదరాబాదులోని సీబీఐ ప్రత్యేక కోర్టు 2012 మే 11న బెయిలు ఇచ్చింది. దాని వెనుక కోట్ల రూపాయల బేరం ఉందన్న సమాచారం రావడంతో హైకోర్టు అదే నెల 31న ఆ జడ్జిని సస్పెండ్ చేసింది, జూన్‌లో ఏసీబీ ఆయనను అరెస్టు చేసింది. అంటే బెయిలుకూ సస్పెన్షన్‌కూ మధ్య ఇరవై రోజులు. ఆ తర్వాత ఆ వ్యవహారం ముందుకు సాగిన తీరు అంత చురుగ్గా లేదు. అయినా తొలి ఇరవై రోజుల వేగం, పై కోర్టు తలచుకుంటే ఏం చేయగలదో చూపించింది.

హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల విషయం వేరు. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కె. వీరాస్వామి మీద సీబీఐ 1976లో పెట్టిన కేసులో 1991లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. న్యాయమూర్తులు కూడా అవినీతి నిరోధక చట్టం పరిధిలోకి వస్తారని ఆ తీర్పు స్పష్టం చేస్తూనే, భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించకుండా వారి మీద కేసు నమోదు చేయకూడదని షరతు పెట్టింది. షరతు వెనుక ఉన్న భయం నిజమైనదే. ప్రభుత్వానికి నచ్చని తీర్పు ఇచ్చిన న్యాయమూర్తి ఇంటికి మర్నాడే పోలీసులు రాకుండా ఉండాలంటే ఏదో ఒక అడ్డు ఉండాలి. కానీ ఆ అడ్డు దగ్గర ఏం జరిగిందో, సంప్రదింపు కోరారో లేదో, కోరితే ఏమని జవాబు వచ్చిందో, ఎందుకని వచ్చిందో బయటికి తెలిసే ఏర్పాటు చేయలేదు. 1999లో సుప్రీంకోర్టు ఆమోదించిన అంతర్గత విచారణ విధానమూ అంతే. సాటి న్యాయమూర్తులే విచారిస్తారు, నివేదిక సాధారణంగా గోప్యంగా ఉంటుంది.

మిగిలిన దారి పార్లమెంటులో తొలగింపు తీర్మానం. 1968 నాటి చట్టం ప్రకారం లోక్‌సభలో వందమంది గానీ రాజ్యసభలో యాభైమంది గానీ సంతకం చేయాలి, ముగ్గురు సభ్యుల కమిటీ విచారించాలి, ఆపై రెండు సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి. 1993 మే 11న జస్టిస్ వి. రామస్వామిపై తీర్మానం లోక్‌సభలో వీగిపోయింది. అనుకూలంగా 196 ఓట్లు వచ్చాయి, కాంగ్రెస్ సభ్యులు ఓటింగుకు దూరంగా ఉండిపోయారు. కమిటీ తప్పు పట్టిన న్యాయమూర్తి సాంకేతికంగా పదవిలో మిగిలారు. 2011లో జస్టిస్ సౌమిత్ర సేన్‌పై తీర్మానం రాజ్యసభలో నెగ్గింది, లోక్‌సభకు వచ్చేలోపే ఆయన రాజీనామా చేశారు. అదే ఏడాది, కర్ణాటక హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా భూ ఆక్రమణ ఆరోపణలు ఎదుర్కొన్న జస్టిస్ పి.డి. దినకరన్ కూడా విచారణ సాగుతుండగానే రాజీనామా సమర్పించారు. రాజీనామాతో తీర్మానం చచ్చిపోతుంది, దానితోపాటు ప్రజలకు దక్కవలసిన జవాబు కూడా పోతుంది.

గోప్యత, జాప్యం న్యాయమూర్తులకైనా మేలు చేస్తున్నాయా అంటే అదీ లేదు. 2008 ఆగస్టు 13న చండీగఢ్‌లో 15 లక్షల రూపాయలున్న సంచీని ఒక గుమాస్తా హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ నిర్మల్‌జిత్ కౌర్ ఇంటికి తెచ్చి ఇచ్చాడు. ఆమె వెంటనే పోలీసులను పిలిపించారు. అది దాదాపు అదే పేరున్న మరో న్యాయమూర్తి జస్టిస్ నిర్మల్ యాదవ్‌కు వెళ్లవలసిన డబ్బు అని దర్యాప్తు సంస్థ ఆరోపించింది. ఆమె నిర్దోషి అని సీబీఐ కోర్టు తీర్పు చెప్పింది 2025 మార్చి 29న. నేరం చేయని మనిషి పదహారేళ్లకు పైగా నిందను మోయడం అన్యాయం. ఆ సంచీలో డబ్బు ఎవరిది, ఎందుకు అన్న ప్రశ్నకు అన్నేళ్ల తర్వాత కూడా జనానికి తృప్తికరమైన జవాబు లేకపోవడం మరో అన్యాయం. రెండింటికీ తల్లి ఒక్కటే, ఆలస్యం.

2025 మార్చి 14 రాత్రి అప్పటి ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ యశ్వంత్ వర్మ అధికార నివాసంలో మంటలు చెలరేగాక కాలిన నోట్ల కట్టలు కనిపించాయన్న వ్యవహారంలో సుప్రీంకోర్టు ఒక కొత్త అడుగు వేసింది. ఫొటోలు, వీడియో, ఢిల్లీ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి నివేదిక, న్యాయమూర్తి ఇచ్చిన సంజాయిషీ అన్నీ మార్చి 22న తన వెబ్‌సైట్‌లో పెట్టింది. ఆ డబ్బుతో తనకు సంబంధం లేదని ఆయన చెప్పిన మాట కూడా అలాగే ప్రజల ముందుకు వచ్చింది. అంతర్గత విచారణ జరిపిన ముగ్గురిలో కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ అను శివరామన్ ఒకరు. తొలగింపు తీర్మానంపై లోక్‌సభ స్పీకర్ ఆగస్టు 12న వేసిన కమిటీలో, పదేళ్ల కిందట జయలలిత తీర్పులో ఆ కూడిక తప్పును ఎత్తిచూపిన ఆచార్య సభ్యుడయ్యారు. ఇంత జరిగినా ఆ నోట్ల కట్టల గురించి సాధారణ పోలీసు కేసు ఎందుకు నమోదు కాలేదన్నదే వీధిలో మనిషి అడిగే మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నకు మూలం 1991 తీర్పులోని షరతులో ఉంది.

కాపలాదారు ఇంట్లోనే దొంగ దూరితే ఏమవుతుందన్నది కూడా కర్ణాటకకు అనుభవమే. 2011 జూలైలో, రాష్ట్రంలో అవినీతిని విచారించే లోకాయుక్త సంస్థ అధిపతి జస్టిస్ సంతోష్ హెగ్డే అక్రమ గనుల నివేదిక ఇవ్వగానే ముఖ్యమంత్రి యడియూరప్ప రాజీనామా చేయవలసి వచ్చింది. దేశమంతా ఈ సంస్థ వైపు చూసింది. నాలుగేళ్లు తిరక్కుండానే, దాడులు చేయకుండా ఉండాలంటే కోటి రూపాయలు ఇవ్వాలని ఒక ఇంజనీరును లోకాయుక్త కార్యాలయం నుంచే అడిగారన్న ఫిర్యాదు వచ్చింది. లోకాయుక్తలోనే ఎస్పీగా ఉన్న సోనియా నారంగ్ ఆ ఫిర్యాదును కాగితం మీద పెట్టి ఉపలోకాయుక్తకు పంపారు. 2015 జూలైలో అప్పటి లోకాయుక్త కుమారుడు అరెస్టయ్యారు, డిసెంబరులో లోకాయుక్త రాజీనామా చేశారు. ఆయన హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారు. ఆ తర్వాత ప్రభుత్వం 2016లో ఏసీబీని పెట్టి లోకాయుక్త పోలీసు అధికారాలను తీసేయడం, 2022 ఆగస్టులో హైకోర్టు ఆ ఏసీబీనే రద్దు చేయడం మరో కథ. ఇక్కడ పట్టించుకోవలసింది ఆ ఎస్పీ లేఖను. ఆమె ఆ మాటను నోటితో చెప్పి ఊరుకొని ఉంటే ఈ వ్యవహారం విధానసౌధ క్యాంటీనులో పుకారుగా పుట్టి పుకారుగానే చచ్చేది. లెటర్‌హెడ్ మీద తేదీతో రాసినందువల్ల దాన్ని కాదనడం ఎవరి తరమూ కాలేదు.

న్యాయమూర్తుల ఆస్తుల వివరాల విషయంలోనూ ఇలాంటి మార్పే నెమ్మదిగా వస్తోంది. 2009లో ఈ విషయంపై దేశవ్యాప్తంగా వాదన జరిగినప్పుడు కర్ణాటక హైకోర్టుకు చెందిన జస్టిస్ డి.వి. శైలేంద్ర కుమార్ తన ఆస్తులను తానుగా బయటపెట్టారు, అప్పట్లో అది సాహసమే. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ కలిసి ఆస్తులు వెల్లడించాలని నిర్ణయించారు, మే 5న వివరాలు వెబ్‌సైట్‌లోకి వచ్చాయి. అయితే హైకోర్టు న్యాయమూర్తులు లోక్‌పాల్ పరిధిలోకి వస్తారని 2025 జనవరిలో లోక్‌పాల్ ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు ఫిబ్రవరి 20న నిలిపివేసింది. స్వతంత్రతకు భంగమన్న వాదన కొట్టిపారేయదగింది కాదు. కానీ లోక్‌పాల్ వద్దనుకుంటే దాని బదులు ఏది ఉండాలో చెప్పవలసిన బాధ్యత కూడా అలా వద్దన్నవారిదే.

మళ్లీ కెంపేగౌడ రోడ్డు వరండాకు వస్తే, అక్కడ నిలబడ్డ మనిషికి లోక్‌పాల్ గొడవ ఏమీ అక్కరలేదు. తన కేసు ఎక్కడుందో తనంత తానుగా చూసుకోగలగడమే అతనికి కావలసింది. ప్రతి కేసుకూ సీఎన్‌ఆర్ అనే 16 అక్షరాల, అంకెల గుర్తింపు ఉంటుంది. దాన్ని ఈ-కోర్టుల యాప్‌లో కొడితే వాయిదా తేదీ, గత వాయిదాల వరుస, చాలా కేసుల్లో రోజువారీ ఉత్తర్వులు కనిపిస్తాయి. వాయిదా ముందుకు జరిపించానని చెప్పే మధ్యవర్తి మాట నిజమో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది. వకీలును నియమించుకున్న రోజే ఈ నంబరు అడిగి పుస్తకంలో రాసుకోవడం, ప్రతి ముఖ్యమైన ఉత్తర్వుకూ సర్టిఫైడ్ కాపీ తీసుకొని దాన్ని తెలుగులో చదివించుకోవడం చిన్న పనులే. ఎవరైనా కోర్టు సిబ్బంది గానీ బయటివాడు గానీ డబ్బు అడిగితే, అది ఇవ్వకముందే లోకాయుక్త పోలీసుల దగ్గరికి వెళ్లవచ్చు, ఇవ్వవలసి వచ్చినా ఏడు రోజుల్లోపు వెళ్లాలి. న్యాయాధికారి మీదే ఫిర్యాదయితే అది హైకోర్టు విజిలెన్స్ విభాగానికి చేరాలి. ప్రమాణపత్రం, సరిచూసుకోదగ్గ ఆధారం జతచేయకపోతే దాన్ని పక్కన పెడతారు. ఆ షరతు నిజాయితీపరులైన న్యాయాధికారుల కోసం పెట్టింది, దాన్ని తప్పు పట్టలేము. కానీ ప్రమాణం చేసి రాసిన ఫిర్యాదు ఏమైందో, ఎందుకు మూసేశారో ఆ ఫిర్యాదుదారుకు కారణంతో సహా ఒక కాగితం రావాలి. మామూలు అప్పీలును కొట్టివేసేటప్పుడు కూడా నాలుగు వాక్యాల కారణం రాసే హైకోర్టుకు, ఆ కాగితం పంపడం భారమేమీ కాదు.